నల్ల రాయి మీద కాలు పెట్టకు

కారు తలుపు గట్టిగా పట్టుకో. వదిలావంటే గాలి దాన్ని విసిరికొడుతుంది, పక్క కారుకి సొట్ట పడుతుంది. ముందు నువ్వు దిగు. తర్వాత వెనక తలుపు తీసి చింటూని దింపు. నాన్న అప్పుడే దిగిపోయి, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుంటూ, ముక్కు పైకెత్తి గాలి వాసన చూస్తున్నాడు.

"ఉప్పు వాసన రావట్లేదేంటి?" అంటాడు.

"చలికి ముక్కు పనిచెయ్యట్లేదు నాన్నా."

నవంబరు నెలాఖరు శుక్రవారం. నిన్ననే థాంక్స్‌గివింగ్. ఈపాటికి ఎడిసన్‌లో తెలుగువాళ్ళు సగం మంది టీవీల కొట్ల ముందు వరసలో ఉంటారు. నువ్వు మాత్రం గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని దక్షిణానికి వచ్చావు. 63వ ఎగ్జిట్ దగ్గర తిరిగి, బే మీద పొడుగాటి వంతెన దాటి, లాంగ్ బీచ్ ఐలండ్ ఉత్తరపు కొసకి చేరావు. 18 మైళ్ళ పొడుగున్న ఇసుక దిబ్బ ఇది. వెడల్పు ఎంత తక్కువంటే, దారిలో చాలాచోట్ల ఇటు వీధి చివర సముద్రం, అటు వీధి చివర బే, రెండూ ఒకేసారి కనబడ్డాయి. వేసవి ఇళ్ళన్నీ మూసేసి ఉన్నాయి. రోడ్డు మీద నువ్వూ, ట్రాఫిక్ లైట్లూ.

నాన్న వచ్చి ఐదు నెలలు దాటింది. నయాగరా అయింది. లిబర్టీ విగ్రహం అయింది. బ్రిడ్జ్‌వాటర్ గుడికి నాలుగుసార్లు వెళ్ళారు. తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక మొన్న రాత్రి అన్నం తింటూ అడిగాడు: "ఇంతకీ మీకు సముద్రం లేదా?"

నర్సాపురంలో ఇల్లు, గోదారి అవతల సఖినేటిపల్లి వైపు ఉద్యోగం. 30 ఏళ్ళు రోజూ పంటు ఎక్కి దిగిన లెక్కల మాస్టారు. ఆయనకి నువ్వు చూపించింది ఇన్నాళ్ళూ మాల్స్. సిగ్గుపడు. తర్వాత నడు.

ముళ్ళపొదలు, పొట్టి చెట్లు. గాలి ఏళ్ళ తరబడి ఒకే వైపు దువ్వినట్టు అన్నీ బే వైపు వంగి ఉన్నాయి. వాటి పైన లేచి నిలబడి ఉంది లైట్‌హౌస్. కింద సగం తెలుపు, పై సగం ఎరుపు. ఊళ్ళోవాళ్ళు దీన్ని ముద్దుగా ఓల్డ్ బార్నీ అంటారు. అసలు పేరు బార్నెగట్.

"ఎన్ని మెట్లు?" అంటాడు నాన్న.

"217."

ఆయనకి 71 ఏళ్ళు. మోకాళ్ళ వంక చూసుకుంటాడు, బురుజు వంక చూస్తాడు. "ఎక్కుదాం. ఆగి ఆగి ఎక్కుదాం."

లోపల అడుగు పెట్టగానే గాలి ఆగిపోతుంది. చెవుల్లో మాత్రం హోరు ఇంకా తిరుగుతూనే ఉంది. చల్లటి ఇటుక వాసన. తల పైకెత్తు. ఇనప మెట్లు సుడి తిరుగుతూ నత్తగుల్ల లోపలి గీతలా పైకి పోతున్నాయి. ఎక్కువసేపు చూడకు, కళ్ళు తిరుగుతాయి.

చింటూ లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నాడు. ఇరవై దాకా తెలుగులో, అక్కణ్ణించి ఇంగ్లీషులో. నాన్న కుడిచెయ్యి కమ్మీ మీద, ఎడమచెయ్యి మోకాలి మీద. నువ్వు ఆయన వెనకే ఉండు. ముందుండకు, తూలితే పట్టుకోవాల్సింది నువ్వే. దిగేవాళ్ళు ఎదురైతే గోడకి అతుక్కుని దారివ్వాలి. మధ్యలో మజిలీలా చిన్న చిన్న అరుగులు, ఒక్కొక్క కిటికీ. మొదటి దాని దగ్గర ఆగు. నాన్నకి ఊపిరి అందాలి, ఆ సంగతి ఆయనతో అనకు. కిటికీలోంచి చూస్తున్నట్టు నటించు.

"ఇంత ఎత్తు, ఇంత గాలి, ఇది ఊగదా?" చింటూ అడుగుతాడు.

గోడ మీద అరచెయ్యి పెట్టించు. కదలిక ఏమీ లేదు. ఇవి నిజానికి రెండు గోడలు. బయటిది పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, లోపలిది నిలువుగా గొట్టంలా ఉంటుంది. ఒక బురుజులో ఇంకో బురుజు. అంత జాగ్రత్త ఎందుకంటే, ఇక్కడ ముందు కట్టింది నిలవలేదు. 1835లో 40 అడుగుల బురుజు ఒకటి కట్టారు. పొట్టిది. పైగా దాని దీపం మినుకుమనకుండా నిలకడగా వెలిగేది. దూరం నుంచి చూసే నావికులు అది ఇంకో ఓడ దీపం అనుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు దాటేసరికి సముద్రం ఒడ్డుని కోసుకుంటూ వచ్చి ఆ బురుజునే మింగేసింది. ఈ రెండోది 1859 జనవరి 1న వెలిగింది. నమూనా గీసినవాడు జార్జ్ మీడ్ అనే సైన్యపు ఇంజనీరు. నాలుగేళ్ళ తర్వాత గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని నడిపిన జనరల్ మీడ్ ఈయనే.

"దీపానికి నూనె ఎవడు మోసేవాడు?" నాన్న ప్రశ్న.

కాపలాదారు. ఈ మెట్ల మీదే. నాన్న ఇంకేమీ అనడు. లేచి ఎక్కడం మొదలుపెడతాడు. ఆ మాట ఆయనకి సిగ్గో పౌరుషమో ఏదో తెప్పించింది.

"టూ హండ్రెడ్ సెవెంటీన్!" పైనుంచి చింటూ కేక.

చిన్న తలుపు. వంగు. బయటికి అడుగు పెట్టగానే గాలి నీ మొహం మీద చరుస్తుంది. కళ్ళల్లో నీళ్ళు. కమ్మీ పట్టుకుని ఒక్క నిమిషం ఊరికే నిలబడు, చూపు అదే తేరుకుంటుంది.

పడమటి వైపు బే, సీసం రంగులో, పళ్ళెంలో నీళ్ళలా. దక్షిణాన నువ్వు వచ్చిన ద్వీపం, ఇళ్ళ కప్పులు వరసగా, సన్నటి తాడులా. ఉత్తరాన, నీళ్ళకి అవతల, ఇళ్ళ వరసలు లేని ఇసుక తిన్నెలు: ఐలండ్ బీచ్ స్టేట్ పార్క్. తూర్పున అట్లాంటిక్. ఈ రెండు ఇసుక దిబ్బల మధ్య సందులోంచి బే అంతా సముద్రంలోకి పోతుంది, సముద్రం అంతా బేలోకి వస్తుంది. రోజుకి రెండుసార్లు. ఆ సందులో నీళ్ళు నున్నగా లేవు. తెల్లటి గీతలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి, ఒడ్డుకి అంత దూరంలో, నట్టనడుమ.

నాన్న కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి ముందుకి వంగుతాడు. ఇప్పటిదాకా పర్యాటకుడు. ఇప్పుడు కాదు.

"మొగ," అంటాడు.

చింటూ "మొగ అంటే?" అంటాడు.

"ఏరు సముద్రంలో కలిసే నోరు. మన అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఇలాగే ఉంటుంది. అదిగో, నీళ్ళ రంగు మారిన చోటు చూడు. అక్కడ కింద ఇసుక మేట ఉంది. అందుకే అలలు అక్కడ విరుగుతున్నాయి. పడవవాడికి ఆ మేట నిన్న ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఇవాళ ఎక్కడుందో తెలియాలి."

బార్నెగట్ అనే పేరుకి అర్థం సరిగ్గా అదే. 1614లో ఈ తీరం పొడుగునా వచ్చిన డచ్చివాళ్ళు దీన్ని బారెండెగట్ అన్నారు. అలలు విరిగే మొగ. నాలుగువందల ఏళ్ళ తర్వాత నర్సాపురం మాస్టారు, మ్యాపు చూడకుండా, అదే పేరు పెట్టాడు.

చూస్తుండగానే ఒక చేపల పడవ సముద్రం నుంచి వస్తుంది. బే ఒడ్డున వైకింగ్ విలేజ్ రేవు ఉంది, అది ఇంటికి పోతున్నట్టుంది. మొగ ముందు ఆగుతుంది. ముక్కు తిప్పదు, ముందుకీ రాదు.

"ఎందుకాగాడు?"

"లెక్కపెడుతున్నాడు," అంటాడు నాన్న. మరో మాట లేదు. పెదాలు కదులుతున్నాయి. అకస్మాత్తుగా పడవ పొగ కక్కి ముందుకి దూకుతుంది. వెనక తెల్లటి గోడ లేస్తుంది, పడవ దాని ముందే జారుకుంటూ వచ్చేస్తుంది. నాన్న తల ఊపుతాడు, పరీక్షలో మంచి మార్కులు వేసినట్టు.

కిందికి చూడు. బురుజు పక్క నుంచి రాళ్ళ గట్టు ఒకటి సముద్రంలోకి సాగిపోయింది. దానికి దక్షిణంగా బ్రహ్మాండమైన బీచ్, నడిచీ నడిచీ కాళ్ళు నొప్పెట్టేంత వెడల్పు. ఆ ఇసుక అనాదిగా అక్కడ ఉందనుకుంటున్నావు కదూ? కాదు. ఇప్పుడున్న గట్టు కట్టడం పూర్తయింది 1991లో. పాత గట్టుకీ కొత్త గట్టుకీ మధ్య సముద్రమే ఇసుక తెచ్చి పోసింది. అంతకుముందు నూట ముప్పై ఏళ్ళూ ఈ బురుజు బతుకు దినగండమే. కాపలాదారు ఇల్లు నిలవనే లేదు. పడవలకి దారి చూపించడానికి కట్టినదాన్ని కాపాడుకోవడానికి ఎన్ని రాళ్ళు పోశారో, ఎవరికి ఎవరు కాపలానో చెప్పడం కష్టం.

తూర్పున ఖాళీ సముద్రం వంక చూస్తుంటే నిన్న రాత్రి చదివింది గుర్తొస్తుంది నీకు. 1933 ఏప్రిల్ 4, అర్ధరాత్రి దాటాక. ఏక్రాన్ అనే నౌకాదళపు గాలి ఓడ, 785 అడుగుల పొడుగు, తుఫానులో చిక్కుకుని సరిగ్గా ఈ తీరానికి ఎదురుగా నీళ్ళలో పడింది. 76 మందిలో 73 మంది పోయారు. వెతకడానికి వెళ్ళిన చిన్న గాలి ఓడ కూడా కూలి మరో ఇద్దరు. ఏక్రాన్‌లో ఉన్నవాళ్ళ ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. కొందరు మునిగిపోయారు, కొందర్ని చలి చంపింది. నాన్నకి చెప్పాలా? వద్దు. చెప్పకు. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతున్నాయి ఆయనకి, అది చాలు.

*

కారులో హీటరు వేసుకుని అమ్మ చుట్టి ఇచ్చిన చపాతీలు తింటారు, లోపల బంగాళదుంప కూర. చింటూకి రెండు చాలలేదు. మూడోది నీ వాటాలోంచి పోయింది. నాన్న ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని అద్దంలోంచి నీళ్ళనే చూస్తున్నాడు. కొన్ని వీధుల అవతల ఒకప్పటి ఒంటిగది బడిలో చిన్న మ్యూజియం ఉంది, ఈ దీపపు అసలు గాజు బిళ్ళల గూడు అక్కడే ఉంది. ఈ దీపాన్ని 1944లో ఆర్పేశారు, 2009 జనవరి 1న, మొదట వెలిగిన రోజుకి సరిగ్గా 150 ఏళ్ళకి, కొత్త దీపంతో మళ్ళీ వెలిగించారు. గూడు చూద్దామా అని నువ్వు అడిగేలోపే చింటూ అంటాడు:

"బాతులు! నువ్వు ప్రామిస్ చేశావు."

చేశావు. వాడి బడిలో పక్షుల మీద పాఠం నడుస్తోంది. చలికాలం ఈ రాళ్ళ గట్టు దగ్గరికి హార్లెక్విన్ బాతులు వస్తాయి. వేసవిలో ఎక్కడో ఉత్తరాన లాబ్రడార్ వైపు కొండవాగుల్లో ఉండే పక్షులు. చలికాలం అంతా అల బండకి కొట్టుకునే చోటే ఉంటాయి, నత్తలూ పీతలూ రాతికి అంటుకుని ఉండేది అక్కడే కాబట్టి. ఇటువైపు తీరమంతా ఇసుకే, రాయన్నది లేదు. అందుకే మనుషులు పోసిన ఈ గట్టు వాటికి పండగ.

మూడు గంటలు. ఇంకో గంటన్నరలో పొద్దు గూకుతుంది. సరే, పదండి.

గట్టు మీద మొదట కాంక్రీటు నడవ. వెయ్యి అడుగుల పైచిలుకు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవొచ్చు, నీళ్ళ వైపు కమ్మీ ఉంది, చక్రాల కుర్చీ అయినా పోతుంది. భయం లేదు. ఎడమ పక్క మొగ నీళ్ళు కుతకుతలాడుతూ పోతున్నాయి. ఏ వైపుకి పోతున్నాయో చూడు. బే వైపు నుంచి సముద్రం వైపుకి.

"పాటు మొదలైంది," అంటాడు నాన్న. వేలు తడి చేసుకుని గాలిలో పెడతాడు. "గాలేమో సముద్రం నుంచి. ఎదురెదురు. ఇప్పుడు లేస్తాయి కెరటాలు."

నువ్వు ఊఁ అంటావు. వినలేదు. నీ కళ్ళు గట్టు కొస మీద ఉన్నాయి.

నడవ అయిపోతుంది. కమ్మీ అయిపోతుంది. హెచ్చరిక బోర్డు. దాని అవతల గట్టు అయిపోలేదు. ఇంకా చాలా దూరం పోతుంది, ఉత్త రాళ్ళతో. ఒక్కొక్కటి కారంత. నున్నటి పైభాగాలు, వాటి మధ్య మనిషి నడుం లోతు సందులు. సందుల అడుగున నీళ్ళు గుటకలు వేస్తున్న చప్పుడు.

ఒకాయన అటు నుంచి వస్తున్నాడు, చేతిలో గాలం కర్ర, బూట్ల అడుగున మేకులు. నీ బూట్లు చూస్తాడు. మామూలు రన్నింగ్ షూస్. ఆగి, చేత్తో చూపిస్తాడు: బూడిదరంగు రాళ్ళు పరవాలేదు, నల్లగా ఉన్నవాటి మీద మాత్రం కాలు పెట్టకు. నలుపంటే నాచు. నలుపంటే అల అక్కడిదాకా వస్తుందన్నమాట. చెప్పి వెళ్ళిపోతాడు.

"అదిగో!" చింటూ.

ముప్పై గజాల దూరంలో, రాయికి అల కొట్టి నురగ లేచిన చోట, నురగలోంచి ఆరు బాతులు పైకి తేలతాయి. కళ్ళు నులుముకుని చూస్తావు. నీలిబూడిద ఒళ్ళు, దాని మీద సున్నంతో గీసినట్టు తెల్లటి పట్టీలు, చుక్కలు, పక్కలకి ఇటుకరంగు. అల మళ్ళీ వస్తుంది. బాతులు దాని కిందకి దూరతాయి. అల రాయిని బాదుతుంది. అవి అవతల తేలతాయి, ఏమీ జరగనట్టు.

నాన్న నవ్వుతాడు. "తోలుబొమ్మలాటలో కేతిగాడు."

హార్లెక్విన్ అంటే ఐరోపా నాటకాల్లో రంగురంగుల బట్టల విదూషకుడు. అచ్చంగా కేతిగాడే.

నీ ఫోను తీస్తావు. తెర మీద ఆరు చుక్కలు. కొంచెం దగ్గరికి పోతే బాగుండు. ముందు, రాళ్ళ మీద, ఎవరో త్రిపాది పెట్టుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళు పోగా లేనిది? నాలుగు రాళ్ళు. నాలుగే. అన్నీ బూడిదరంగువే.

ఇక్కడ ఆగు. ఒక్క క్షణం. నాన్న ఏమన్నాడు?

ఆగవు.

మొదటి రాయి. గట్టిగా ఉంది. రెండోది. కొంచెం వాలు. చింటూ చెయ్యి పట్టుకుని దాటిస్తావు. మూడోది. హాయిగా ఉంది, బీచిలో అరుగు మీద నిలబడ్డట్టు. ఫోను ఎత్తుతావు. దానికి చింటూ చెయ్యి వదలాలి. వదులుతావు.

బాతులు కాస్త జరుగుతాయి, కొస వైపు. చింటూ కూడా.

ఒక రాయి. రెండు రాళ్ళు. వాడు మేకపిల్లలా ఎగురుతున్నాడు. నీ తెర మీద బాతు స్పష్టంగా వచ్చింది. నొక్కావు. తల ఎత్తావు.

వాడు నల్ల రాయి మీద ఉన్నాడు.

అరవాలి. నోరు తెరుస్తావు. వద్దు. అరిస్తే తిరుగుతాడు. తిరిగితే జారతాడు.

నీళ్ళు వెనక్కి పోతున్నాయి. సందుల్లో గుటకల చప్పుడు ఆగిపోయింది. రాళ్ళ కాళ్ళు బయటపడుతున్నాయి, నాచుతో, ఆకుపచ్చగా. బాతులు ఆరూ ఒకేసారి మునిగాయి.

అవి ఎందుకు మునిగాయో నీకు అర్థమయింది.

"కూర్చో!" వెనక నుంచి నాన్న గొంతు. తరగతి గది గొంతు. ముప్పై ఏళ్ళు చివరి బెంచీదాకా వినబడిన గొంతు. "ఇద్దరూ! కూర్చోండి! రాయి పట్టుకోండి!"

చింటూ కూర్చున్నాడు. తాతయ్య చెప్తే కూర్చుంటాడు. నువ్వు కూలబడ్డావు.

దెబ్బ. రాయి అదిరింది. నీళ్ళు పైనుంచి రాలేదు. కిందనుంచి వచ్చాయి. సందులోంచి, బొంగులోంచి చిమ్మినట్టు. ఒళ్ళంతా. ఊపిరి లోపలికి పోయింది, బయటికి రావట్లేదు. చలి కాదు ఇది. దెబ్బ. ఛాతీ మీద ఎవరో గుద్దినట్టు. కళ్ళల్లో ఉప్పు. చింటూ? చింటూ?

ఉన్నాడు. బోర్లా పడుకుని, రాయిని కావిలించుకుని. నోరు తెరిచి ఉంది, ఏడుపు రావట్లేదు.

లేవకు. పిరుదుల మీద జరుగు. మడమలు ఆనించు. జరుగు. రాయి అంచు. సందు. కాలు చాపు. అందింది. ఇంకో సందు. ఎడమ బూటు ఇరుక్కుంది. లాగు. రావట్లేదు. లాగు. కాలు వచ్చింది, బూటు రాలేదు. వదిలెయ్.

"రెండోది వస్తోంది! పట్టుకో!"

వాడి జాకెట్ టోపీ నీ పిడికిట్లో. వాడి మీద పడుకో. పూర్తిగా.

దెబ్బ.

నీళ్ళు మీద నుంచి పోయాయి. బరువుగా. వెనక్కి లాగుతున్నాయి. రాతి పగులులో వేళ్ళు. గోళ్ళు. వదలకు. వదలకు.

పోయాయి.

"ఇంకోటి ఉంది. కదలకండి. చిన్నది."

మూడోది. చిన్నదే. మోకాళ్ళ దాకా.

నిశ్శబ్దం. సందుల్లో మళ్ళీ గుటకలు. ఇప్పుడు పరిగెత్తాలి అనిపిస్తుంది. ఒళ్ళంతా అదే అంటోంది. పరిగెత్తు.

"ఆగు," అంటాడు నాన్న. గొంతు ఇప్పుడు పెద్దది కాదు. "నా వంకే చూడు. నీళ్ళని చూడకు. నేను చూస్తున్నా."

ఆయన కాంక్రీటు అంచున నిలబడి ఉన్నాడు. కమ్మీకి మెడలోని మఫ్లర్ చుట్టి, ఆ కొస ఎడమ చేతికి ముడేసుకున్నాడు. కుడిచెయ్యి నీ వైపు చాపి ఉంది. పెదాలు కదులుతున్నాయి. పంటు రేవుకి ఆనేటప్పుడు బల్లకీ గట్టుకీ మధ్య సందు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. మూసుకున్నప్పుడే అడుగు వెయ్యాలి. చిన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని ఆయన ఇలాగే నిలబడేవాడు, ఇలాగే పెదాలు కదిపేవాడు. బడికి పోయే హడావిడిలో నీకు అదంతా చాదస్తంలా ఉండేది.

"ఇప్పుడు. ఒక రాయి. కూర్చునే రా."

ఒక రాయి.

"ఆగు."

నీళ్ళు లేచి పడ్డాయి. దూరంగా.

"ఇప్పుడు. రెండు."

రెండు. చింటూ నీ ముందు, నీ కాళ్ళ మధ్య. వాడి వీపు వణుకు నీ పొట్టకి తెలుస్తోంది.

"ఆగు... ఆగు... ఇప్పుడు రా."

చెయ్యి. ఆ చెయ్యి వేడిగా ఉంది. ముందు చింటూని అందించు. తర్వాత నువ్వు. కాంక్రీటు. కమ్మీ.

కాసేపు ఎవరూ మాట్లాడరు. నీ మోచేతి దగ్గర జాకెట్ చిరిగింది, నెత్తురు కనబడుతోంది, నొప్పి తెలియట్లేదు. నాన్న నిన్ను తిట్టడు. తిడితే బాగుండేది. మంకీ క్యాప్ తీసి చింటూకి తొడుగుతాడు, తన కోటు విప్పి వాడికి చుడతాడు, ఆ తర్వాత మఫ్లర్ ముడి విప్పుకోవడానికి ప్రయత్నిస్తాడు. రావట్లేదు. తడికి బిగుసుకుపోయింది. ఆయన వేళ్ళు ఇప్పుడు వణుకుతున్నాయి. నువ్వు విప్పు.

"మూడు పెద్దవి వస్తాయి," అంటాడు మెల్లిగా, నీళ్ళ వంక చూస్తూ. "మళ్ళీ కాసేపు పడుకుంటుంది. పైనుంచి చూసినప్పటి నుంచీ లెక్కపెడుతున్నా. ఎక్కువ తక్కువగా అదే వరస."

"ఎందుకు?" చింటూ పళ్ళు టకటకలాడుతున్నాయి, అయినా ప్రశ్న ఆగదు.

దూరంగా గాలి లేపిన అలలన్నీ ఒకే పొడుగువి కావు. పొడుగు వేరైతే వేగం వేరు. ఒకదాన్నొకటి అందుకుని ఒకేచోట కలిసినప్పుడు గుంపుగా ఎత్తుగా లేస్తాయి, విడిపోయినప్పుడు నీళ్ళు మంచితనంగా కనబడతాయి. నువ్వు ఫోను ఎత్తింది ఆ మంచితనం చూసే. ఫోను అంటే గుర్తొచ్చింది. జేబు తడుముకో. లేదు. ఆ సందుల్లో ఎక్కడో ఉంది, దానిలో కేతిగాడు స్పష్టంగా ఉన్నాడు.

నడవ మీద వెనక్కి నడుస్తారు. ఎడమ కాలికి మేజోడు మాత్రమే. కాంక్రీటు చలి ఎముకలోకి ఎక్కుతోంది. కుడి పక్క అవే నీళ్ళు, అవే గీతలు. ఆ త్రిపాదివాళ్ళు కూడా సర్దుకుని వచ్చేస్తున్నారు, ఒంగి ఒంగి, మెల్లిగా. వాళ్ళ బూట్లకి మేకులున్నాయి. ఇప్పుడు చూశావు.

చింటూ ఆగుతాడు, కమ్మీ సందులోంచి చూస్తాడు. ఆ నల్ల రాయి పక్కనే, నురగలో, ఆరు తలలు. లెక్కపెడతాడు. ఈసారి తెలుగులో. ఆరూ ఉన్నాయి.

కారులో హీటరు పూర్తిగా తిప్పు. తడి బట్టలు విప్పి చింటూని డిక్కీలోని దుప్పట్లో చుట్టు. వెనక అద్దంలో బురుజు ఎరుపు నల్లబడుతోంది. కొసన దీపం వెలిగింది. కాసేపటికి మళ్ళీ.

నాన్న ఫోను మోగుతుంది. అమ్మ. స్పీకరు పెడతాడు.

"చీకటి పడుతోంది, ఇంకా బయల్దేరలేదా? ఏం చూశారు?"

నాన్న నీ వంక చూస్తాడు. నీ ఉత్త కాలి వంక చూస్తాడు. దుప్పట్లోంచి ముక్కు మాత్రం బయటపెట్టిన మనవడి వంక చూస్తాడు.

"బాతులు," అంటాడు. "చపాతీలు ఇంకో నాలుగు పెట్టాల్సింది. పిల్లాడికి చాలలేదు."